పియర్ మీద పింక్ సాల్మన్: అమ్మానాన్నలకి లైసెన్సు కావాలా? రూల్స్ పుస్తకం ఎలా చదవాలి?

బోథెల్ రవి:

అందరికీ నమస్తే. ఆగస్టు రెండో వారంలో మా అమ్మానాన్న కాకినాడ నుంచి వస్తున్నారు, విజిటర్ వీసా మీద. నాన్నకి 71 ఏళ్లు, గాలం అంటే ప్రాణం. ఇది బేసి సంవత్సరం, పింక్ సాల్మన్ (సాల్మన్‌లో ఒక జాతి) గుంపులుగా వచ్చే ఏడాది, కాబట్టి ఒడ్డు దాకా వస్తుందని ఆఫీసులో అంతా ఊరిస్తున్నారు. మాకు పడవ లేదు. ఎడ్మండ్స్ పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) గానీ, సియాటెల్ వైపు ఏదైనా బీచ్ గానీ అనుకుంటున్నాం.

వాషింగ్టన్ రాష్ట్రం చేపల వేట రూల్స్ పుస్తకం డౌన్‌లోడ్ చేసి చదివాను. చదివాక ఉన్న కాస్త ధైర్యం కూడా పోయింది. నా సందేహాలు ఇవీ:

మేం కిందటి నవంబర్‌లో బే ఏరియా నుంచి మారాం. అక్కడ సముద్రం మీది పబ్లిక్ పియర్లకి లైసెన్సు అక్కర్లేదు. ఇక్కడా అంతేనా? నాన్నకి సీనియర్ రేటు వస్తుందా? అమ్మ ఊరికే రాడ్ పట్టుకుని ఫొటో దిగితే ఏమైనా అంటారా? మా అబ్బాయికి 12, వాడి సంగతేంటి?

"డైలీ లిమిట్ 2, ప్లస్ 2 అడిషనల్ పింక్, రిలీజ్ షినూక్ అండ్ చమ్" లాంటి వాక్యానికి అర్థం ఏమిటి? మొత్తం నాలుగా, రెండా? పట్టింది ఏ సాల్మనో నాలాంటివాడికి ఎలా తెలుస్తుంది?

బార్బ్ (హుక్ మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు) లేని హుక్‌లు విడిగా కొనాలా?

---

ఎడ్మండ్స్ పంతులు:

రవి గారూ, ముందు లైసెన్సు సంగతి తేల్చేద్దాం. కాలిఫోర్నియా నుంచి వచ్చినవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. వాషింగ్టన్‌లో పియర్‌కి మినహాయింపు లేదు. పియరైనా, బీచైనా, పడవైనా ఉప్పునీళ్లలో గాలం వేస్తే 15 ఏళ్లు, ఆ పైబడిన ప్రతి ఒక్కరికీ లైసెన్సు ఉండాలి.

మీకు: ఈ రాష్ట్రంలో స్థిరనివాసం ఏర్పరచుకుని వరసగా 90 రోజులు దాటి, ఇక్కడే ఉండే ఉద్దేశం ఉన్నవాళ్లు రెసిడెంట్. మీ వీసా ఏదన్నది ఇక్కడ ప్రశ్న కాదు. నవంబర్ నుంచి ఉంటున్నారు, వాషింగ్టన్ డ్రైవింగ్ లైసెన్స్ తీసుకునే ఉంటారు, కాబట్టి రెసిడెంట్ రేటే. ఒక్క మాట: కాలిఫోర్నియాలో ఇంకా రెసిడెంట్ హోదాతో ఏ లైసెన్సూ వాడుతుండకూడదు. సాల్మన్ ఒక్కటే అయితే సాల్ట్‌వాటర్ లైసెన్స్ సరిపోతుంది. చెరువుల్లో ట్రౌట్, బీచ్‌లో క్లామ్స్ కూడా కావాలంటే కాంబినేషన్ తీసుకోండి.

నాన్నగారికి: సీనియర్ రేటు 70 నిండిన రెసిడెంట్లకే. విజిటర్ వీసా మీద వచ్చినవారు నాన్-రెసిడెంట్, వయసు ఎంతైనా సరే. వారికి ఏడాది లైసెన్సు దండగ. 1 రోజు, 2 రోజులు, 3 రోజులకి కాంబినేషన్ లైసెన్సులు ఉన్నాయి. వారు వచ్చాక, గాలి, అలలు చూసుకుని, వెళ్లే రోజుకి తీసుకోండి. ముందే కొనేసి ఆ రోజు వాన పడితే డబ్బు నీళ్లపాలే.

అమ్మగారు: తాడు నీళ్లలో ఉండగా రాడ్ పట్టుకుంటే అది చేపలు పట్టడమే. ఆఫీసర్ దూరం నుంచి బైనాక్యులర్‌లో చూస్తాడు. ఆయనకి ఫొటోకి, వేటకి తేడా కనపడదు. ఎరని రీల్‌కి బిగించి, తాడు పైకి తీసేశాక ఎన్ని ఫొటోలైనా దిగొచ్చు.

బాబుకి 12 అంటున్నారు, వాడికి ఏమీ అక్కర్లేదు. 14 దాకా ఉచితం.

లైసెన్స్ ఏడాది ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. రూల్స్ పుస్తకం మాత్రం జూలై 1 నుంచి జూన్ 30 దాకా. కిందటేడు పుస్తకం ఫోన్‌లో పెట్టుకుని ఆగస్టులో పియర్ ఎక్కేవాళ్లు ఏటా కనపడతారు.

---

ఉప్పాడ కెరటం:

పంతులు గారి జవాబులో ఒక్క సవరణ. 14 దాకా పిల్లలకి లైసెన్సు అక్కర్లేదు గానీ సాల్మన్ పట్టాలంటే క్యాచ్ రికార్డ్ కార్డు మాత్రం కావాలి. లైసెన్సులు అమ్మే షాపులోనే ఇస్తారు. వాడి పేరు మీద, వాడి కార్డు. వాడు పట్టిన చేప మీ కార్డులో రాయకూడదు, మీది వాడి కార్డులోకి తోయకూడదు. జూన్‌లో వచ్చే ఫ్రీ ఫిషింగ్ వీకెండ్‌కీ ఇదే పద్ధతి: ఆ రెండు రోజులు లైసెన్సు మాఫీ, కార్డు, లిమిట్, సీజన్ మాత్రం మామూలే.

కార్డు గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. చేపని ఉంచుకోవాలని నిర్ణయించుకున్న మరుక్షణం రాయాలి. ఇంటికెళ్లి కాదు, బకెట్‌లో నాలుగూ పడ్డాక ఒకేసారీ కాదు. నెల, తేదీ, మెరైన్ ఏరియా నంబర్, ఏ జాతి, మార్క్ (హ్యాచరీలో, అంటే చేపపిల్లల్ని పెంచి వదిలే కేంద్రంలో, రెక్క కత్తిరించిన గుర్తు) ఉందా లేదా. సిరా పెన్నుతో. తడి చేత్తో కాగితం నానిపోతుంది, జెల్ పెన్ను అలుక్కుపోతుంది. బాల్‌పాయింట్ పెన్ను, జిప్‌లాక్ సంచి దగ్గర పెట్టుకోండి. రెండో ఎర వేసే ముందే మొదటి చేప కార్డులో ఎక్కి ఉండాలి. సీజన్ అయ్యాక ఏప్రిల్ 30లోగా కార్డు వెనక్కి పంపాలి, ఒక్క చేపా పడకపోయినా సరే. ఆన్‌లైన్లో రిపోర్ట్ చేయొచ్చు. నాన్నగారు అప్పటికి కాకినాడ వెళ్లిపోయి ఉంటారు కాబట్టి వారి కార్డు మీరే జాగ్రత్త చేయండి.

ఇక రూల్స్ పుస్తకం. అందులో మొదట వెతకాల్సింది చేప పేరు కాదు, ఏరియా నంబర్. పసిఫిక్ తీరం నుంచి ప్యూజెట్ సౌండ్ (సియాటెల్ పక్కనున్న సముద్రపు పాయ) దక్షిణపు కొస దాకా 1 నుంచి 13 వరకు మెరైన్ ఏరియాలు. మీకు పనికొచ్చేవి:

8-2: ఎవరెట్, ముకిల్టియో.
9: అడ్మిరాల్టీ ఇన్‌లెట్. ఎడ్మండ్స్ పియర్ దీని దక్షిణపు అంచున ఉంది.
10: సియాటెల్, బ్రెమర్టన్. రిచ్‌మండ్ బీచ్, కార్కీక్ పార్క్, సీక్రెస్ట్ పియర్, లింకన్ పార్క్ అన్నీ ఇందులోవే.
11: టకోమా, వాషాన్. డి మోయిన్స్ పియర్, డాష్ పాయింట్, లెస్ డేవిస్ పియర్.
13: టకోమా నారోస్ బ్రిడ్జికి దక్షిణాన.

9కీ 10కీ మధ్య గీత ఎడ్వర్డ్స్ పాయింట్ నుంచి అవతలి ఒడ్డున యాపిల్ కోవ్ పాయింట్‌కి. అంటే ఎడ్మండ్స్ పియర్ మీద ఒక రూలు, అక్కడి నుంచి దక్షిణంగా కాస్త నడిచి ఎడ్వర్డ్స్ పాయింట్ దాటితే ఇంకో రూలు. నీళ్లు అవే, చేపలు అవే, కానీ కార్డులో నంబర్ మారుతుంది, ఉంచుకోగల చేప కూడా మారొచ్చు. దీనికి తోడు కొన్ని పియర్లకి ఆ ఏరియాతో సంబంధం లేకుండా సొంత సీజన్ ఉంటుంది. ఎడ్మండ్స్ అలాంటిదే. ఏరియా 9 పేజీలో పైన "క్లోజ్డ్" అని చూసి బెంబేలెత్తకండి. పియర్ పేరుతో విడిగా ఉన్న వరస చదవండి.

ఇప్పుడు మీరు రాసిన వాక్యం. "డైలీ లిమిట్ 2": ఆ ఏరియాలో ఉంచుకోనిచ్చే సాల్మన్ జాతులన్నీ కలిపి రోజుకి 2. "ప్లస్ 2 అడిషనల్ పింక్": ఇంకో రెండు, అవి పింకే అయి ఉండాలి. కాబట్టి 4 పింక్ సరే. 2 కోహో (ఇదీ ఒక సాల్మన్ జాతే), 2 పింక్ సరే. 1 కోహో, 3 పింక్ సరే. 3 కోహో, 1 పింక్ కుదరదు. "రిలీజ్ షినూక్ అండ్ చమ్": ఆ రెండు జాతులు పడితే వదిలేయాలి, మార్క్ ఉన్నా లేకున్నా. అదే "రిలీజ్ వైల్డ్ కోహో" అని ఉంటే హ్యాచరీ కోహో ఉంచుకోవచ్చు, సహజంగా పుట్టిన కోహోని వదలాలి. ఈ ఒక్క "వైల్డ్" అనే మాట దాటేసి చదివితే కథ అడ్డం తిరుగుతుంది.

హ్యాచరీ చేప గుర్తు: వీపు మీద, పెద్ద రెక్కకీ తోకకీ మధ్య, చిటికెన వేలి కొసంత మెత్తటి చిన్న రెక్క ఉంటుంది. ఆడిపోజ్ ఫిన్. పిల్లగా ఉన్నప్పుడే హ్యాచరీలో దాన్ని కత్తిరించి వదులుతారు. ఆ రెక్క లేకుండా, అక్కడ మానిన మచ్చ నున్నగా ఉంటే అది హ్యాచరీ చేప. రెక్క ఉంటే వైల్డ్ కిందే లెక్క. పచ్చిగా తెగి నెత్తురు కనపడితే అది హ్యాచరీ కోత కాదు, ఎవరో ఇప్పుడే కోశారని అర్థం. అలాంటి చేప మీ బకెట్‌లో దొరికితే మీ మాట ఎవరూ నమ్మరు.

జాతుల గుర్తింపు, పియర్ మీద రెండు క్షణాల్లో చూడగలిగినవి మాత్రం రాస్తున్నాను:

పింక్: వీపు మీద, తోక రెండు పాయల మీద పెద్ద పెద్ద కోలమచ్చలు. పొలుసు మిగతా వాటికంటే బాగా చిన్నది, చేత్తో రాస్తే దాదాపు నున్నగా ఉంటుంది. మామూలుగా 3 నుంచి 5 పౌన్లు.
కోహో: మచ్చలు తోక పైపాయ మీదే. పళ్ల మొదట్లో చిగురు తెల్లగా.
షినూక్: మచ్చలు తోక రెండు పాయల మీదా, కానీ చిన్నవి. కింది దవడ చిగురు నల్లగా.
చమ్: వీపు మీద, తోక మీద స్పష్టమైన మచ్చలు ఉండవు. కంటిపాప పెద్దది, తోక మొదలు సన్నం.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, చిన్న షినూక్‌ని కోహో అనుకోవడం దగ్గర. రెండూ వెండిలా మెరుస్తాయి. తోక చూసి ఆగిపోకండి, నోరు తెరిచి చిగురు చూడండి. అయినా అనుమానంగా ఉంటే వదిలేయండి.

వీటితో పాటు ఉప్పునీళ్లలో పడే కట్‌త్రోట్ ట్రౌట్, బుల్ ట్రౌట్ తప్పనిసరిగా వదలాలి. ప్యూజెట్ సౌండ్‌లో రాక్‌ఫిష్ కూడా అంతే. మనవాళ్లు రాక్‌ఫిష్ చూసి "ఇదేదో మన గొరకలా ఉందే, పులుసుకి బాగుంటుంది" అంటారు. ముట్టుకోకండి.

---

టకోమా తాత:

పైన చెప్పినవాటికి నేను కలిపేది సామాన్ల సంగతి, ఇంకా పుస్తకంలో లేని ఒక ముఖ్య విషయం.

హుక్‌లు. ప్యూజెట్ సౌండ్‌లో సాల్మన్‌కి బార్బ్‌లెస్, సింగిల్ పాయింట్ హుక్ మాత్రమే. బజ్ బాంబ్ లాంటి ఎరలు చాలావరకు మూడు కొనల ట్రెబుల్ హుక్‌తో అమ్ముతారు. షాపులో అమ్ముతున్నారు కదా అని అలాగే వేయకూడదు. ట్రెబుల్ తీసేసి 1/0 గానీ 2/0 గానీ సైజు సివాష్ అనే ఒంటి కొన హుక్ తగిలించండి. ఓపెన్ ఐ సివాష్ అయితే రింగులోకి దూర్చి ప్లయర్‌తో కన్ను నొక్కేస్తే చాలు.

బార్బ్ లేని హుక్‌లు విడిగా కొనక్కర్లేదు. మామూలు హుక్ బార్బ్‌ని సన్నమూతి ప్లయర్‌తో పూర్తిగా అణిచేసినా, ఆకురాయితో అరగదీసినా బార్బ్‌లెస్ కిందే లెక్క. ప్లయర్ దవడలు హుక్ మొన వెంబడి నిలువుగా ఉండాలి. అడ్డంగా పట్టి నొక్కితే మొనే విరుగుతుంది. ఒకేసారి గట్టిగా కాదు, రెండు మూడు సార్లు కొంచెం కొంచెంగా. అయ్యాక పాత నూలు చొక్కాకి గుచ్చి వెనక్కి లాగండి. దారం పట్టుకుంటే బార్బ్ ఇంకా మిగిలినట్టే. ఆఫీసర్ చేసే పరీక్ష కూడా ఇలాంటిదే. ఈ పనంతా ఇంటి దగ్గర చేసుకోండి. ఎర తెగిపోయి పియర్ మీద హడావిడిగా కొత్తది కట్టేటప్పుడే బార్బ్ సంగతి మరిచిపోతారు. విడి హుక్‌ల డబ్బాలో ఉన్నవన్నీ ముందే నొక్కేసి పెడితే ఆ బెడద ఉండదు.

మనిషికి ఒక్క రాడ్డే. టూ-పోల్ ఎండార్స్‌మెంట్ (రెండో రాడ్‌కి అనుమతి) అని విడిగా అమ్ముతారు గానీ అది అన్ని ఏరియాల్లో చెల్లదు. పింక్ సీజన్లో పియర్ మీద భుజాలు రాసుకుంటూ నిలబడతారు, రెండో రాడ్ వేస్తే పక్కవాడి తాడుతో చిక్కుపడి తిట్లు తినడమే.

రాడ్ 8 నుంచి 9 అడుగులు, తాడు 10 నుంచి 12 పౌన్ల బరువు ఆపేది, లీడర్ (ఎర కట్టే చివరి తాడు ముక్క) 12 నుంచి 15 ఆపేది. ఎర గులాబీ రంగు. ఇది మూఢనమ్మకం కాదు, వేసి చూడండి, మిగతా రంగుల కంటే తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పింక్ నెమ్మదిగా వెంటాడే చేప. మెల్లగా చుట్టండి, మధ్యలో ఒక్క క్షణం ఆపి ఎరని కిందికి జారనివ్వండి. చాలాసార్లు ఆ జారుడులోనే కొడుతుంది. గట్టిగా జర్క్ ఇవ్వకండి. చేపల గుంపు కళ్లముందే తిరుగుతుంటే కుర్రాళ్లు హుక్‌ని గుంపులోంచి సర్రున లాగి పొట్టకో తోకకో గుచ్చుతారు. దాన్ని స్నాగింగ్ అంటారు, నేరం.

పియర్ మీద అసలు ఇబ్బంది చేపని పైకి తేవడం. నీళ్లు చాలా కిందుగా ఉంటాయి. రాడ్‌తోనే ఎత్తితే నోరు చిరిగి జారిపోతుంది, లేదా తాడు తెగుతుంది. డ్రాప్ నెట్ కావాలి: ఇనుప కడ్డీ వలయానికి వల, మూడు నాలుగు చోట్ల తాళ్లు, అన్నీ కలిపి ఒకే పొడవాటి మోకు. వలని ముందు నీళ్లలో ముంచి ఉంచాలి, చేపని దాని పైకి నడిపించాలి, అప్పుడు మోకు లాగాలి. చేపని చూసి వలతో వెంటబడితే అది వలయానికి కొట్టుకుని హుక్ ఊడిపోతుంది. ముడులు లేని రబ్బరు పూత వల తీసుకోండి, పొలుసు ఊడదు.

వదలాల్సిన చేప అయితే అదే వలలో పెట్టి అంతే మెల్లగా కిందికి దించండి. పైనుంచి విసిరేస్తే నీటికి తగిలిన దెబ్బకే చచ్చేవి ఉంటాయి. ఇంకా మంచి పద్ధతి: పైనుంచి చూడగానే షినూక్ అని తెలిస్తే పైకే తేవొద్దు, తాడు వదులు చేయండి. బార్బ్ లేదు కాబట్టి చాలాసార్లు అదే విదిలించుకుని పోతుంది. పడవ మీద వెళ్లేవాళ్లకి ఇది సలహా కాదు, రూలే: వదలాల్సిన సాల్మన్‌ని పడవ అంచు దాటించి లోపలికి తేకూడదు. ఫొటో కోసమైనా సరే.

ఇప్పుడు పుస్తకంలో లేని విషయం. పుస్తకంలో ఆగస్టు అంతా ఓపెన్ అని ఉన్నంత మాత్రాన ఆగస్టు అంతా ఓపెన్ అని కాదు. ప్రతి ఏప్రిల్‌లో రాష్ట్ర చేపల శాఖ, ఇక్కడి ట్రైబ్స్ (ఆదివాసీ తెగలు) కలిసి నార్త్ ఆఫ్ ఫాల్కన్ అనే చర్చల్లో ఆ ఏటి వేట పంచుకుంటారు. 1974లో ఫెడరల్ జడ్జి బోల్ట్ తీర్పు వచ్చినప్పటి నుంచి పట్టగల చేపలో సగం ట్రైబ్స్ హక్కు. ప్యూజెట్ సౌండ్ షినూక్ 1999 నుంచి ఫెడరల్ ఎండేంజర్డ్ స్పీసీస్ చట్టం (అంతరించే ప్రమాదమున్న జాతుల రక్షణ చట్టం) కింద ఉంది కాబట్టి ఒక్కో ఏరియాకి ఇంత అని లెక్క కడతారు. ఆ లెక్కలో మీరు ఇంటికి తెచ్చిన చేపే కాదు, వదిలేసిన చిన్న షినూక్ కూడా ఉంటుంది, ఎందుకంటే వదిలిన వాటిలోనూ కొన్ని బతకవు. అందుకే పెద్ద చేప పెద్దగా పడకపోయినా, చిన్నవి ఎక్కువగా తగులుతున్నాయని షినూక్ సీజన్ హఠాత్తుగా మూసేసిన సందర్భాలు ఉన్నాయి. ఆగస్టు, సెప్టెంబర్‌లో చమ్ వదలమనడం కూడా ఇలాంటిదే. హుడ్ కెనాల్ వేసవి చమ్ అప్పుడే ఇటుగా వెళ్తుంది, దానికీ అదే చట్టం రక్షణ.

మూసివేతని ఎమర్జెన్సీ రూల్ అంటారు. శాఖ వెబ్‌సైట్లో, ఫిష్ వాషింగ్టన్ యాప్‌లో పెడతారు. బయల్దేరే రోజు పొద్దున చూడండి, ముందు రోజు రాత్రి చూసింది సరిపోదు. యాప్‌లో మీరు నిలబడ్డ చోటు ఏ ఏరియానో కూడా చూపిస్తుంది.

---

బోథెల్ రవి:

పంతులు గారికీ, కెరటం గారికీ, తాత గారికీ చాలా థాంక్స్. ఇంకో మూడు. షినూక్ ఉంచుకోనిచ్చే చోట కనీసం 22 అంగుళాలు ఉండాలంటున్నారు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలవాలి? పియర్ మీద చేప కడిగే బల్ల ఉంది కదా, అక్కడే ముక్కలు కొట్టించుకుని తెచ్చుకోవచ్చా? ఎక్కువ పడితే కిర్క్‌లాండ్‌లో మా బావగారింటికి ఇద్దామని ఉంది, అందులో ఏమైనా చిక్కు ఉందా?

---

ఉప్పాడ కెరటం:

కొలత: మూతి కొస నుంచి తోక చివరి కొస దాకా, చేపని చదునుగా పడుకోబెట్టి తిన్నగా. టేపుని పొట్ట వంపు మీదుగా తీసుకెళ్తే అంగుళం ఎక్కువ చూపిస్తుంది, ఆ అంగుళమే కొంప ముంచుతుంది. ప్యూజెట్ సౌండ్‌లో షినూక్ తప్ప మిగతా సాల్మన్‌కి కనీస సైజు లేదు.

ముక్కలు మాత్రం ఇంటికొచ్చాకే. దారిలో ఎవరైనా ఆపి చూస్తే అది ఏ జాతి, ఎంత పొడవు, ఆడిపోజ్ ఫిన్ ఉందా లేదా తెలియాలి. పొట్ట కోసి పేగులు, మొప్పలు తీసేయొచ్చు. తల, తోక, వీపు అలాగే ఉంచండి. పులుసు ముక్కలు కొట్టి కవర్లో వేసుకుని కారెక్కితే, పట్టింది న్యాయంగానే అయినా నిరూపించుకోలేరు.

తల ఉంచమనడానికి ఇంకో కారణం ఉంది. కొన్ని హ్యాచరీ చేపల ముక్కులో మిల్లీమీటరు పొడవున్న కోడెడ్ వైర్ ట్యాగ్ ఉంటుంది. ఏ హ్యాచరీలో ఏ ఏడు పుట్టిందో దాంతో తెలుస్తుంది. పియర్ దగ్గర శాఖ తరఫున శాంప్లర్లు నిలబడతారు, డిటెక్టర్ చేపకి తగిలించి చూస్తారు, ట్యాగ్ ఉంటే తల అడుగుతారు. ఇచ్చేయండి. వీళ్లు ఆఫీసర్లు కారు, కంగారు పడక్కర్లేదు. ఎన్ని గంటలు వేశారు, ఎన్ని వదిలారు అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. తాత గారు చెప్పిన లెక్క వీళ్లు రాసుకున్నదే.

పింక్ విషయంలో రుచి సంగతి కూడా కాస్త. దీని కండ మెత్తన, ఎండలో బకెట్‌లో గంట ఉంచితే చెదిరిపోతుంది. పట్టగానే తల మీద ఒక దెబ్బ, మొప్పల కింద కోత, తల కిందికి పెట్టి సముద్రపు నీళ్ల బకెట్‌లో నెత్తురు పోయేదాకా ఉంచి, ఆ తర్వాత ఐసూ ఉప్పునీళ్లూ కలిపిన కూలర్‌లోకి. కార్డులో రాయడం వీటన్నిటికంటే ముందు. పులుసుకి పింక్ తట్టుకోదు, గరిటె పెడితే విరుగుతుంది. పెనం మీద వేపుడే దారి. పులుసు చేయాలంటే కోహో ఉంచుకోండి.

---

సర్రే సుబ్బు:

వాంకూవర్ వైపు వచ్చే ఆలోచన ఉంటే చెబుతున్నాను, వాషింగ్టన్ లైసెన్సు సరిహద్దు దాటితే చిత్తుకాగితమే. ఇక్కడ సముద్రపు వేటకి కెనడా ఫెడరల్ ఫిషరీస్ శాఖ ఇచ్చే టైడల్ వాటర్స్ లైసెన్స్ తీసుకోవాలి, ఆన్‌లైన్లో దొరుకుతుంది, బయటివాళ్లకి 1, 3, 5 రోజులవి ఉన్నాయి. సాల్మన్ ఉంచుకోవాలంటే దాని మీద సాల్మన్ కన్సర్వేషన్ స్టాంప్ విడిగా కొనాలి. స్టాంప్ లేకపోతే పట్టి వదలడమే. 16 లోపు పిల్లలకి లైసెన్సు ఉచితం, అయినా లైసెన్సు ఉండాల్సిందే. అక్కడిలా లైసెన్సు అక్కర్లేదనుకోకండి. బార్బ్‌లెస్ ఇక్కడా తప్పనిసరి.

కొలతలు సెంటీమీటర్లలో. వాంకూవర్ పక్కన జార్జియా జలసంధిలో షినూక్ కనీసం 62 సెం.మీ., కోహో కనీసం 30 ఉండాలి. షినూక్ ఉంచుకుంటే ఆ క్షణమే లైసెన్సు మీద రాయాలి. ఏరియా నంబర్లు ఇక్కడ వేరు, అక్కడి 9కీ ఇక్కడి 9కీ సంబంధం లేదు. మూసివేతలు ఫిషరీ నోటీసుల రూపంలో వస్తాయి, అవి అక్కడికంటే ఇంకా వేగంగా మారతాయి.

---

ఎడ్మండ్స్ పంతులు:

బావగారి ప్రశ్న మిగిలిపోయింది. ఇవ్వొచ్చు. అమ్మకూడదు; "ఐసుకీ పెట్రోలుకీ" అని పది డాలర్లు తీసుకున్నా అమ్మినట్టే. మీరు లేకుండా చేప ఇంకొకరి కారులో వెళ్తుంటే దాంతో పాటు ఒక చీటీ ఉండాలి: పట్టినవారి పేరు, చిరునామా, లైసెన్స్ నంబర్, పట్టిన తేదీ, ఏరియా, సంతకం. మామూలు తెల్లకాగితం చాలు. నాన్నగారు పట్టిన చేప అయితే వారి లైసెన్స్ నంబరే రాయాలి, మీది కాదు. ఇచ్చేసినంత మాత్రాన మీ ఆ రోజు లిమిట్ మళ్లీ ఖాళీ అవదు. పట్టి ఉంచుకున్నవి ఎవరికిచ్చినా మీ ఖాతాలోవే.

పచ్చి చేప మీ దగ్గర ఏ సమయంలోనైనా రెండు రోజుల లిమిట్‌కి మించి ఉండకూడదు. గడ్డకట్టించినవి, ఎండబెట్టినవి, పొగ పెట్టినవి అంతకుమించి ఉన్నా ఫరవాలేదు. కాబట్టి 3 రోజుల లైసెన్సు తీసుకుని మూడు రోజులూ లిమిట్ కొట్టే ఉత్సాహం ఉంటే, మొదటి రోజువి ఆ రాత్రే ఫ్రీజర్‌లో పెట్టేయండి.

పీతల బుట్ట కూడా పియర్ మీంచి వేద్దామని నాన్నగారు అంటారు, అనక మానరు. దానికి సాల్మన్ కార్డు చెల్లదు. పీతల ఎండార్స్‌మెంట్, పీతల కార్డు వేరు, వారంలో ఏయే రోజులు వేయొచ్చో కూడా వేరు.